తొంభై నాలుగు శాతం నిజం

గుండ్లకమ్మ కబడ్డీ క్లబ్బు వారు తన ముందుంచిన ధ్రువపత్రాన్ని ఉప్పుటూరి సుభాషిణి మూడుసార్లు చదివింది. మూడుసార్లూ తప్పు దొరకలేదు. అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో నలభై ఏళ్ళు గణాంకశాస్త్రం బోధించిన మనిషికి తప్పు దొరకని కాగితం మీద నమ్మకం కుదరదు.

"ఎనిమిదేళ్ళలో నాలుగు వందల మంది అమ్మాయిల్ని మీ యంత్రం కొలిచింది మేడం. మూడు వందల డెబ్భై ఆరుగురి విషయంలో జోస్యం నిజమైంది. తొంభై నాలుగు శాతం" అన్నాడు నిరంజన్. అతను క్లబ్బు ప్రతిభా విభాగానికి అధిపతి. నలభై దాటని వయసు, ఇస్త్రీ చెదరని చొక్కా. "దేశంలో ఏ క్లబ్బుకీ ఇంత లేదు. శనివారం లీగు మదింపు సంఘం వస్తోంది. మీరు సంతకం పెడితే జూన్‌లో ప్రభుత్వ హాస్టళ్ళన్నిట్లోనూ యంత్రాలు దిగుతాయి. పదమూడేళ్ళ పిల్ల ఆటకి పనికొస్తుందో లేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది."

అతని వెనక గాజుగదిలో ఆ రెండు నిమిషాలే నడుస్తున్నాయి. ఒంటినిండా తీగల తొడుగుతో ఒక అమ్మాయి లోహపు పలక మీద వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. ఎదుటి గోడ మీద వెలుగుతో చేసిన ప్రత్యర్థి బొమ్మ కూతకు వచ్చినట్టు అటూ ఇటూ కదులుతోంది; ఈ పిల్ల దాని కాలి కోసం దూకుతోంది. మెదడు పంపిన ఆజ్ఞ కండకు చేరడానికి ఎంతసేపు పట్టిందో, ఆ కండలో ఎదగవలసింది ఇంకా ఎంత మిగిలి ఉందో యంత్రం లెక్కగట్టి తెర మీద ఒక వంపు గీత గీసింది. ఇవాళ్టి పదిహేనో ఏటి నుంచి ఇరవై నాలుగో ఏటి దాకా ఆ పిల్ల ఆట ఎంత పెరుగుతుందో చెప్పే గీత అది. శిఖరం దగ్గర ఒక అంకె. అరవై దాటితే క్లబ్బులో ఉంటుంది. దాటకపోతే ఏడాది చూసి ఇంటికి పంపేస్తారు.

దానికి ఎదుగురేఖ అని పేరు పెట్టిందీ, దాన్ని కనిపెట్టిందీ సుభాషిణే.

"ఇంటికి పంపినవాళ్ళు మూడు వందల పన్నెండు మంది. వాళ్ళ విషయంలో జోస్యం నిజమైందని ఎట్లా తెలిసింది?"

"పంపాక వాళ్ళు ఏ జట్టుకీ ఆడలేదు మేడం. ఆడలేరని యంత్రం చెప్పింది. రైటేగా!"

"ఒక్కరు కూడా ఆడలేదా?"

"ఒక్కరు కూడా. అక్కడ మాత్రం నూటికి నూరు."

అతని గొంతులో గర్వం ఉంది. సుభాషిణి కలానికి మూత పెట్టింది. మూడు వందల పన్నెండు తీసేస్తే మిగిలేది ఎనభై ఎనిమిది. వాళ్ళలో లీగు దాకా వెళ్ళినవారు అరవై నలుగురు. మిగతాదంతా పిల్లల్ని బయటికి తోసి తలుపు గడియ వేసుకుని, ఎవరూ లోపలికి రాలేదు కాబట్టి బయట ఎవరూ లేరని తేల్చుకున్న లెక్క. ఆ లెక్క కింద తన సంతకం ఏడుసార్లు ఉంది.

"యంత్రంతోపాటు ఒక పుస్తకం ఇచ్చాను. మూడో పుటలో ఉంటుంది. గీత ఎంత వచ్చినా సరే, అందరికీ రెండేళ్ళు ఒకే శిక్షణ ఇచ్చాకే జోస్యాన్ని పరీక్షించాలని."

"ల్యాబులో అయితే కుదురుతుంది మేడం. పనికిరారని తెలిశాక రెండేళ్ళు ఎవరు నేర్పుతారు?"

"తెలిసింది ఎవరికి?" అంటూ ఆమె లేచింది. "నాకు మైదానం చూపించు."

ఎనిమిదేళ్ళలో ఆమె మైదానంలో అడుగుపెట్టడం అదే మొదలు. అప్పటిదాకా అంకెలు ఇంటికి వచ్చేవి. అంకెలు శుభ్రంగా ఉండేవి.

*

పెద్ద రేకుల షెడ్డులో నీలం రంగు మ్యాట్ మీద పద్నాలుగు మంది ఆడుతున్నారు. షెడ్డు వెనక ఎండలో, గులకరాళ్ళు ఏరిన మట్టి మీద ఇంకో నలభై మంది తమలో తామే ఆడుకుంటున్నారు. కోచ్ దార్ల ఏసోబు మ్యాట్ దగ్గర ఉన్నాడు. మట్టి దగ్గర ఎవరూ లేరు.

"అరవై దాటిన పైగీతోళ్ళకు మ్యాట్, కిందిగీతోళ్ళకు మట్టి" అన్నాడు ఏసోబు. అరవై దాటినా మెడ బిరుసుగా నిలిపే మనిషి. "తిండికాడ కూడా రెండు వరసలమ్మా. గుడ్డు పైగీతోళ్ళకే."

"ఎవరు చెప్పారు అట్లా చేయమని?"

"మీ మిషనే." అతను నవ్వలేదు. "అది గీసుద్ది, ఆఫీసోళ్ళు చీటీ రాసిస్తారు, నేను పిల్లల్ని ఇటోళ్ళని ఇటూ అటోళ్ళని అటూ నెడతా. నాకు చేతనైన కోచింగు ఇప్పుడు అదే."

షెడ్డు గోడకు నిలువెత్తు బొమ్మ ఒకటి వేలాడుతోంది. దూకుతున్న ఒక అమ్మాయి. కింద పెద్ద అక్షరాల్లో: "అరవై ఎనిమిది నుంచి ఎనభై ఒకటికి. ఇది మా శిక్షణ." ఆ అమ్మాయి, మార్త, మ్యాట్ ఎడమ మూలలో నిలబడి ఉంది. పొడుగు కాళ్ళ పిల్ల. ఆమె చేతిని పట్టుకుని పక్కనే పొట్టిగా, దిట్టంగా ఇంకొక పిల్ల. కూతకు వచ్చినవాళ్ళు తప్పించుకోకుండా ఇద్దరిద్దరు చేతులు కలిపి గొలుసుగా నిలబడతారు. మూలలో ఉన్నది కాలి మీదికి దూకుతుంది, పక్కనున్నది ఆపుతుంది. ఈ సంగతి సుభాషిణి చదివి ఉంది. చూడటం ఇప్పుడే.

"ఈ పదమూడు పాయింట్లు ఎట్లా పెరిగాయి ఏసోబుగారూ?"

"ఎట్టా పెరిగినయ్యో అడగాల్సింది దాన్ని" అని అతను పొట్టి పిల్లను చూపించాడు. "అంకమ్మ. కిందిగీత. మ్యాట్ పిల్లలు ఇద్దరికి మోకాళ్ళు పోతే, చెయ్యి పట్టుకోడానికి మనిషి లేక దీన్ని మట్టిలోంచి తెచ్చి నిలబెట్టా. నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లోనే మార్త గీత పెరిగింది. ఆఫీసోళ్ళు ఫొటో మార్తది ఒక్కదాందే తీశారు."

సుభాషిణి ఇద్దరినీ దగ్గరికి పిలిచింది.

"నువ్వేం చేస్తావమ్మా?"

"ఏం జెయ్యనండి. చెయ్యి పట్టుకుంటా" అంది అంకమ్మ.

"అబద్ధమండి" అంది మార్త. "నొక్కుద్ది. అది నొక్కినప్పుడు నేను దూకుతా. అంతకుముందు నా అంతట నేను దూకేదాన్ని. గాలి దొరికేది."

"ఎప్పుడు నొక్కాలో నీకెట్లా తెలుసు?"

"గొర్రెల్ని కాసినదాన్నండి." అంకమ్మ కాలితో మ్యాట్ అంచు గీరుతూ చెప్పింది. "మందలోంచి తప్పుకునే గొర్రె ముందుకాలు ఎత్తకముందే యెనకకాలు బిగుసుద్ది. కూతకొచ్చే పిల్లలూ అంతే గదండీ. రెండు కాళ్ళు తక్కువ."

"చూశారా, అందర్నీ గొర్రెల్ని జేసింది" అంది మార్త. "మరి నేనేందే?"

"కుక్కవి. నువ్వు పట్టేదానివిగా."

ఏసోబు ఈల నోట్లో పెట్టుకుని నవ్వు దాచుకున్నాడు. సుభాషిణికి నవ్వు రాలేదు. "నీ గీత ఎంత?" అని అడిగింది.

"నలభై ఏడండి. శనివారం పోతన్నా. మొత్తం నలభై ఒక్కమందిమి."

"ఇంటికి వెళ్ళాక ఆడవా?"

"ఎవరితో ఆడాలండీ? మా ఊళ్ళో కూతకొచ్చే ఆడపిల్లలు ఏడుగురు యాడున్నారు?" అంకమ్మ ఆ మాట ఫిర్యాదుగా అనలేదు, తెలియనివాళ్ళకు దారి చెప్పినట్టు అంది. "మా మామ గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్ళు పాలిష్ పట్టే పనికి మాట్లాడిపెట్టాడు. ఈడ ఉండనిస్తే ఉండేదాన్ని. మీరేమన్నా చెప్తారా అమ్మగారూ? గీత ఎట్టా పెంచుకోవాలో?"

క్లబ్బు నివేదికలో 'నిజమైన జోస్యం' అని రాసి ఉన్న మూడు వందల పన్నెండు గడుల్లోనూ ఇదే ఉంది: ఆడేందుకు తోడు లేని ఒక ఊరు.

*

ఒంగోలులో ఇల్లు చేరేసరికి కూతురు వింధ్య గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. రైల్వేలో టికెట్ ఎగ్జామినర్. డ్యూటీ దిగి కోటు కుర్చీకి తగిలించి ఇంకా మొహం కూడా కడుక్కోలేదు. ముప్పై ఆరేళ్ళ మనిషి. తల్లీకూతుళ్ళ మధ్య ప్రేమ తక్కువేం కాదు గాని, మాటలు మాత్రం ఎప్పుడూ పొడిగానే నడుస్తాయి.

సుభాషిణి ఎదురుగా కూర్చుని తానూ ఒక గుప్పెడు తీసుకుంది. జరిగినదంతా చెప్పింది. చెప్పాక, చెప్పవలసిన అసలు మాట ఇంకా మిగిలిపోయినట్టు తోచింది.

"మొట్టమొదట ఆ పలక మీద నిలబెట్టింది నిన్ను."

"గుర్తుంది. కాళ్ళు జిల్లుమన్నాయి."

"యాభై రెండు వచ్చింది. అన్నం తింటుంటే చెప్పాను నీకు. పరుగులో నీకు పెద్దగా ఎదుగుదల లేదని. పదమూడేళ్ళ పిల్లకు." సుభాషిణి కాయను తుంచకుండా పట్టుకుంది. "ఆ గీత తప్పు కావచ్చు వింధ్యా. నువ్వు పరుగు మానేసింది తప్పుడు గీత చూసి."

వింధ్య పీచు తీసి పక్కన పడేసింది.

"గీత చూసి మానలేదమ్మా. నేనూ మొండిదాన్నే, నీ కూతుర్నే. గీత వచ్చాక కూడా ఏడాది పరిగెత్తాను. నువ్వు చూడలేదు అంతే. అంతకుముందు రోజూ పొద్దున్నే స్టాప్‌వాచీ పట్టుకుని గ్రౌండుకి వచ్చేదానివి. గీత వచ్చిన మర్నాటి నుంచి రావడం మానేశావు."

"పని ఉండేది."

"పని అంతకుముందూ ఉండేది."

సుభాషిణి తన జీవితంలో చాలామంది విద్యార్థుల పరిశోధన గ్రంథాలను ఒక్క ప్రశ్నతో కూల్చింది. ఇంత తక్కువ మాటల్లో ఎవరినీ కూల్చినట్టు లేదు. క్లబ్బు వాళ్ళు చేసినది కొత్త తప్పు కాదు. యంత్రం పుట్టిన రోజునే ఆ తప్పు తన ఇంట్లో పుట్టింది. గీత పిల్ల భవిష్యత్తును చెప్పదు. చూసేవాళ్ళ చూపును తిప్పేస్తుంది. ఎవరూ చూడని పిల్ల ఆగిపోతే, గీత ముందే చెప్పిందంటారు.

"ఏడవకమ్మా, బాగోదు. నీకు అలవాటు లేదు" అంది వింధ్య. "రేపు ఏం చేస్తావో చెప్పు."

"కొలుస్తాను" అంది సుభాషిణి. "సరిగ్గా."

*

గురువారం ఉదయం గాజుగదిలో మార్తను ఒంటరిగా పలక మీద నిలబెట్టి కొలిచింది. అరవై ఆరు. గోడ మీది ఎనభై ఒకటి ఎట్లా వచ్చిందో ఏసోబును అడిగితే అతను తల గోక్కున్నాడు. ఆ రోజు మార్త భయపడుతుంటే అంకమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గది గుమ్మంలో నిలబడిందట. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెయ్యి పట్టుకోవడం కొలతలోకి వస్తుందని ఎవరికి తోస్తుంది?

గది ఒక్కరి కోసం కట్టినది. రెండో మనిషి పలక మీద కాలు పెడితే యంత్రం పని మానేస్తుంది. అందుకని సుభాషిణి అంకమ్మను గుమ్మం బయటే ఉంచి, చెయ్యి మాత్రం లోపలికి చాపించింది. తలుపు తెరిచి ఉందని యంత్రం గోల పెట్టింది. ఆ గోల నొక్కేసి, మళ్ళీ కొలిచింది. ఎనభై నాలుగు.

తర్వాత అంకమ్మ బదులు ఇంకొక పైగీత పిల్లను నిలబెట్టింది. అరవై అయిదు. మళ్ళీ అంకమ్మను పెట్టి, ఈసారి కళ్ళకు గంతలు కట్టింది. అరవై ఆరు. గంతలు విప్పింది. ఎనభై మూడు.

"ఇదేం ఆటండీ, దొంగాటా?" అంది అంకమ్మ.

"మాట్లాడకు. మళ్ళీ."

పన్నెండుసార్లు తిప్పి తిప్పి కొలిచింది. చివర్లో అంకమ్మ అరచేతికి కూడా తీగ అంటించింది. గోడ మీది బొమ్మ అడుగు కదపడానికి సెకనులో ఆరో వంతు ముందే ఆ అరచెయ్యి బిగుస్తోంది. ఆ బిగింపు మార్త చేతిలోంచి ఎక్కి కాళ్ళలోకి దిగుతోంది. యంత్రం మార్త ప్రతిభ అని గీసినదాంట్లో పద్దెనిమిది పాయింట్లు గుమ్మం బయట నిలబడ్డ పిల్లవి. ఆ పిల్లను ఒంటరిగా పలక మీద పెడితే మళ్ళీ నలభై ఏడే వచ్చింది. ఆమె కాళ్ళు నిజంగానే నెమ్మది. ఆమెకు ఉన్నది కాళ్ళలో లేదు; ఒంటరిగా నిలబెట్టిన ఏ పిల్లలోనూ అది కనబడదు.

మధ్యాహ్నం ఆమె పాత రికార్డులు తీసింది. క్లబ్బులో ఉంచుకున్నా ఎదగక చతికిలబడ్డ పైగీత పిల్లలు ఇరవై నలుగురు. జోస్యం తప్పిన కేసులని ఎనిమిదేళ్ళుగా పక్కన పెట్టినవాళ్ళు. ఎవరి ఆట ఏ నెలలో పడిపోయిందో, ఆ నెలలో ఎవరిని ఇంటికి పంపారో పక్కపక్కన పెట్టి చూసింది. ఇరవై నలుగురిలో పదిహేడుగురి ఆట, తమ చెయ్యి పట్టుకునే పిల్ల ఊరి బస్సు ఎక్కిన నెలలోనే పడిపోయింది.

ఏసోబు ఆ కాగితంలో అంకెల జోలికి పోలేదు. పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే పైకి పలికాడు. ఆరో పేరు దగ్గర ఆగాడు. "ఈ పిల్ల పోయేటప్పుడు నన్నడిగింది, సారూ నేనేం తప్పు జేశానని. మిషను చెప్పిందమ్మా అన్నా" అన్నాడు. "మిషన్ని అడ్డం పెట్టుకుని తల దించుకున్నా."

"నేనూ అంతే" అంది సుభాషిణి.

*

శనివారం పది గంటలకు మదింపు సంఘం కూర్చుంది. అధ్యక్షుడు వేంకటాద్రి పెద్దవయసు మనిషి, ప్రతి కాగితాన్నీ కళ్ళకు ఆనించుకుని చదివే జాతి. సుభాషిణి నివేదిక రెండు పుటలే. ఆయన చివరి పేరా పైకి చదివాడు.

"క్లబ్బు ప్రతిభను ఎంత బాగా గుర్తిస్తుంది: తెలియదు. కాదన్నవారిని మళ్ళీ చూసే ఏర్పాటు క్లబ్బు చేసుకోలేదు. ప్రతిభను ఎంత బాగా పెంచుతుంది: పెంచినట్టు చెప్పుకున్న ఉదాహరణలో ఆ పని చేసినది, ఇవాళ క్లబ్బు ఇంటికి పంపుతున్న క్రీడాకారిణి. పరికరం ఒంటరి శరీరాన్ని కొలుస్తుంది. ఆట ఒంటరిది కాదు. పరికరాన్ని కనిపెట్టిన నేను, గత ఏడేళ్ళుగా చేసిన ఏడు సంతకాలనూ ఉపసంహరించుకుంటున్నాను."

నిరంజన్ ముందు తేరుకున్నాడు.

"మేడం, ఇది అద్భుతమైన డిస్కవరీ! ఇద్దరిని కలిపి కొలిచే మోడల్ చేద్దాం. జంటరేఖ! హాస్టళ్ళకి అదే పంపుదాం."

"ఇద్దరి దగ్గర ఎందుకు ఆగాలి? జట్టుకు ఏడుగురు. ఏడుగురికీ నేర్పే మనిషి ఒకడు. గుడ్డు ఎవరికి పెట్టాలో చెప్పే చీటీ ఒకటి. నీ చేతిరాత కూడా ఆ పిల్లల గీతలో ఉంది నిరంజన్. నిన్ను ఏ పలక మీద నిలబెట్టమంటావు?"

అతని మొహం ఎర్రబడింది. "అంటే నేను చెడ్డవాణ్ణా? మీ పుస్తకం, మీ యంత్రం, మీ సంతకం. నేను నమ్మాను. నమ్మడం తప్పా?"

"కాదు. నమ్మించడం తప్పు. అందుకే నా తప్పు ముందు రాశాను. నీది రెండో పుటలో ఉంది."

వేంకటాద్రి కళ్ళజోడు తీశాడు. "సుభాషిణిగారూ, ఇది బయటికి వెళితే మీ నలభై ఏళ్ళ పేరు పోతుంది. ఈ ఏటికి సంతకం పెట్టి, సూచనలు విడిగా ఇవ్వండి. హాస్టళ్ళ విషయం తర్వాత చూసుకుందాం. పెద్దవారు, ఆలోచించండి."

"ఆలోచించే వచ్చానండీ. సంతకం పెడితే ఇవాళ నలభై ఒక్కమంది ఇంటికి వెళతారు. జూన్ నుంచి ఎంతమందో నాకు లెక్క కూడా అందదు. ఆ పిల్లలందరి మీదా ఎక్కి నిలబడితేనే నిలిచే పేరు నాకు అక్కర్లేదు. పెట్టను."

"సరే, వద్దు" అన్నాడు నిరంజన్. "వేరే నిపుణుల్ని తెచ్చుకుంటాం. లిస్టు మాత్రం రెడీ అయిపోయింది. బస్సు బయట ఉంది."

వేంకటాద్రి లీగు నియమావళి తెరిచి, అలవాటు ప్రకారం కళ్ళకు ఆనించుకుని చదవడం మొదలుపెట్టాడు. చాలాసేపు చదివాడు. ఆయన ఎవరి పక్షమూ కాదు, కాగితం పక్షం. "పదకొండో నియమం" అన్నాడు చివరికి. "ధ్రువీకరణ లేని ఏడాది, ఎదుగురేఖ ఆధారంగా ఏ క్రీడాకారిణినీ తొలగించరాదు. కొత్తగా ధ్రువీకరణ కోరే క్లబ్బు, గీతతో నిమిత్తం లేకుండా అందరికీ రెండేళ్ళ సమాన శిక్షణ ఇచ్చి, ఆ ఫలితాలు సమర్పించాలి." తలెత్తాడు. "ఇది ఎవరు పెట్టించారు?"

"నా పుస్తకం మూడో పుటలోంచి మీ సంఘమే ఎత్తి రాసుకుంది. ఎవరూ చదవరని అప్పుడు నాకు కోపం వచ్చింది" అంది సుభాషిణి.

నిరంజన్ ఏదో అనబోయాడు. వేంకటాద్రి చెయ్యెత్తి ఆపాడు. "బస్సు వెనక్కి పంపించండి. ఈ మార్చి నుంచి రెండేళ్ళు. సంఘం తరఫున చూడటానికి నెలనెలా మనిషి వస్తాడు."

సుభాషిణి తన కాగితాలు సర్దుకుంది. ఆ గదిలో ఆమెకు ఇక కుర్చీ ఉండదు. గౌరవ సలహాదారు అన్న పలక తీసేస్తారు. రేపటి పత్రికల్లో వచ్చే మాటలు తియ్యగా ఉండవు. ఆమె మెట్లు దిగింది.

కింద అంకమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"బస్సు పోయిందండీ. నన్నెక్కించుకోలా."

"నువ్వు ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఎవరూ వెళ్ళడం లేదు. రెండేళ్ళు."

అంకమ్మ ఆమె మొహంలోకి చూసింది. "గీత పెరిగిందా అమ్మగారూ?"

"లేదు. నలభై ఏడే."

"మరి నేనెంతని తేలింది?"

"తేలలేదు. నాకు తెలియదు అంకమ్మా."

పిల్ల ఆ మాటను నోట్లో వేసుకున్న పుల్లని కాయలాగా కాసేపు అటూ ఇటూ తిప్పింది. "అంత చదివి తెలీదంటారేందండీ" అంది. ఈలోగా షెడ్డులోంచి మార్త గొంతు చించుకుని అరిచింది: "ఏమే, వత్తన్నావా? ఈడ చెయ్యి ఖాళీగా ఉంది!" అంకమ్మ సంచిని సుభాషిణి చేతుల్లో పెట్టి పరుగెత్తింది.

సుభాషిణి సంచితోనే షెడ్డు దగ్గరికి నడిచింది. మట్టిలో ఆడిన నలభై మందీ మ్యాట్ అంచున నిలబడి ఉన్నారు. ఎవరూ కాలు పెట్టడం లేదు. ఏసోబు ఈల వేశాడు. మొదటి పిల్ల ఎక్కి, రెండడుగులు వేసి, అలవాటు లేని మెత్తదనానికి కాలు మడతపడి వెల్లకిలా పడింది. వెనక వచ్చిన ఇద్దరు ఆమె మీద పడ్డారు. పైగీత పిల్లలు నవ్వారు. కిందపడ్డ పిల్లలు గభాలున లేచి, తప్పు జరిగినట్టు ఆఫీసు కిటికీ వైపు చూశారు.

"అటేం చూస్తారు, ఇటు చూడండి" అన్నాడు ఏసోబు. "పడండి. బాగా పడండి. పడటానికే రెండేళ్ళు ఉన్నయ్."